బాలేదు, తోక తెగితే

"కాలెలా ఉంది తల్లీ?" అని అడిగాను.

"బాలే అత్తా," అంది.

నవంబరు రెండో వారం. మాకు కాకినాడలో సాయంత్రం ఆరున్నర, డాలస్ దగ్గర వాళ్ళకి పొద్దున్న ఏడు. మా తమ్ముడి కూతురు మంచం మీద రెండు దిళ్ళు వేసుకుని, వాటి మీద కుడికాలు పెట్టుకుని పడుకుని ఉంది. పదమూడేళ్ళ పిల్ల. ఏడో ఏట నుంచి బాలే అనే పాశ్చాత్య నాట్యం నేర్చుకుంటోంది. డిసెంబరులో వాళ్ళ డాన్సు స్కూలు వేసే 'నట్‌క్రాకర్' అనే బాలేలో మంచు తునకల గుంపులో దానికి చోటు దొరికింది. ప్రాక్టీసులో గెంతి దిగుతుంటే చీలమండ మెలిపడింది. ఆరు వారాలు డాన్సు మాట ఎత్తొద్దన్నారట డాక్టరు. ఆరు వారాలంటే ప్రదర్శనలన్నీ అయిపోతాయి.

ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేదాన్ని. అది ఏడవలేదు. "బాలే" అని గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

ఫోను పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. 'బాలేదు' అనాల్సిన చోట మనం 'దు' మింగేస్తాం. కూర బాలే, సినిమా బాలే, ఒంట్లో బాలే. దాని నొప్పీ, దాని నాట్యమూ ఒకే మాటలో వచ్చి కూర్చున్నాయి. క్యాలెండర్ కాగితం చింపి వెనక వైపు గళ్ళనుడికట్టు క్లూలా రాశాను, జవాబుకి ఎన్ని గళ్ళో బ్రాకెట్లో వేసి:

బాలేదు, తోక తెగితే మునివేళ్ళ మీద నాట్యం (2).

మర్నాడు అది చదివి వినిపిస్తే రెండు క్షణాలు ఆలోచించి పకపకా నవ్వింది. అప్పుడే నిర్ణయించుకున్నాను, దానికి కాలు బాగయ్యేదాకా రోజుకొక క్లూ పంపాలని. అన్నీ బాలే మీదే. డాన్సు చెయ్యలేని ఆరు వారాలూ డాన్సు మాటలు దాని నోట్లో ఆడుతూ ఉండాలని నా ఆశ.

నాకీ గళ్ళనుడికట్ల పిచ్చి మా పెదనాన్న పెట్టింది. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేశారు. 'హిందూ' పేపరు రాగానే మడత విప్పకుండా అరుగు మీద పెట్టి, కాఫీ తాగి, చెక్క పెన్సిలు చెక్కుకుని, అప్పుడు గళ్ళ పేజీ తీసేవారు. ఇంకు పెన్నుతో నింపేవాళ్ళంటే ఆయనకి నమ్మకం ఉండేది కాదు. ఆ పేపర్లో గళ్ళు మొదలైన కొత్తల్లో వాటిని కూర్చినది అడ్మిరల్ రామ్ దాస్ కటారి, మన నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి. పోర్టులో పనిచేసే మనిషికి ఇంతకంటే ఏం కావాలి! ఓడలు నడిపిన చేత్తో క్లూలు రాశాడమ్మా అని చెప్పేవారు, తనే ఆయన కింద పనిచేసినంత గర్వంగా.

పెదనాన్న ఎప్పుడూ బాలే చూడలేదు. అయినా ఓ ఇరవై బాలే మాటలు ఆయనకి కంఠతా వచ్చు. అన్నీ గళ్ళల్లోంచి వచ్చినవే. ఇంగ్లీషు గళ్ళు కట్టేవాళ్ళకి ఆ మాటలంటే ఎందుకంత ఇష్టమో తర్వాత నేను కట్టడం మొదలుపెట్టాక అర్థమైంది. టుటు (గౌను), ప్లియే (మోకాళ్ళు వంచడం), జెతే (ఒక గెంతు) అన్నవి ఇంగ్లీషు స్పెల్లింగులో నాలుగేసి అక్షరాలు, అందులో రెండేసి అచ్చులు. మూల గళ్ళల్లో ఎటూ దారి దొరకనప్పుడు ఇలాంటి మాటే ఆదుకుంటుంది.

చూసి నేర్చుకున్న మాటలు కాబట్టి ఉచ్చారణ ఆయన సొంతం. ప్లియేని 'ప్లై' అనేవారు. నర్తకులు చేత్తో పట్టుకుని సాధన చేసే కడ్డీ ఉంటుందే, దాన్ని 'బార్' అనాలి. స్పెల్లింగు బి-ఎ-ఆర్-ఆర్-ఇ. పెదనాన్న దాన్ని బర్రె అనేవారు. "పద్నాలుగు నిలువు, బర్రె" అని ఆయన అంటే వంటింట్లోంచి పెద్దమ్మ "పాలవాడొచ్చాడా?" అనేది.

ఆయన నాకు నేర్పిన సూత్రం ఒకటే. "క్లూ నిన్ను దారి తప్పించొచ్చమ్మా. అబద్ధం మాత్రం ఆడకూడదు." మంచి క్లూలో రెండు దారులుంటాయి. ఒక దారి అర్థం చెబుతుంది, ఇంకోటి అక్షరాలు ఎలా పేర్చాలో చెబుతుంది. రెండూ ఒకే గడి దగ్గర కలవాలి. మధ్యలో ఒక్క మాట కూడా పనిలేకుండా నిలబడకూడదు. నాకు లెక్కల టీచరుగా ఇరవై రెండేళ్ళ సర్వీసుంది. నిరూపణ గురించి పిల్లలకి నేను చెప్పేది కూడా అదే.

మొదటి వారం ఇంగ్లీషు క్లూలే పంపాను. పిల్ల తెలుగు బాగా మాట్లాడుతుంది గానీ కూడబలుక్కుని చదువుతుంది.

'జిజెల్'తో మొదలుపెట్టాను. 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడిన బాలే. ప్రేమలో మోసపోయి చనిపోయిన పల్లెపిల్ల ఆత్మగా వచ్చి, తనని మోసగించినవాణ్ణే కాపాడే కథ. స్పెల్లింగు రాసుకుని మధ్యలో గీత గీస్తే చాలు, మాట తనంతట తానే విడిపోతుంది. ముందు జి-ఐ-ఎస్. అమెరికాలో మామూలు సైనికుల్ని 'జీఐలు' అంటారు. వెనక ఇ-ఎల్-ఎల్-ఇ. ఫ్రెంచిలో 'ఆమె' అని. సైనికుల పక్కన ఫ్రెంచి ఆమె నిలబడితే జిజెల్. క్లూ పంపిన నాలుగు నిమిషాలకి జవాబొచ్చింది.

టుటు ఇంకా తేలిక. బాలే నర్తకి వేసుకునే, నడుము చుట్టూ పళ్ళెంలా నిలబడే గౌను. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు పుణ్యమా అని ఇంగ్లీషు గళ్ళల్లో ఈ మాటకి 'బిషప్పు వేసుకున్న గౌను' లాంటి క్లూలు ఎన్నో వచ్చాయి. నేను వేరే దారి పట్టాను. ఇంగ్లీషు స్పెల్లింగులో అది టి-యు, టి-యు. ఫ్రెంచిలో టి-యు అంటే 'నువ్వు'. "పారిస్‌లో నువ్వూ నువ్వూ కలిస్తే గౌను" అని రాశాను. "అత్తా, ఫ్రెంచి నీకెలా వచ్చు?" అంది. నాకు ఫ్రెంచి రాదు. గళ్ళకి పనికొచ్చే ముప్ఫై మాటలొచ్చు, అవీ పెదనాన్న ఇచ్చినవే.

'ఆంత్రెషా' అని ఒక గెంతు ఉంది. గాల్లో ఉండగానే పాదాలు ముందుకీ వెనక్కీ చకచకా మార్చి మార్చి, అప్పుడు నేలకి దిగాలి. పిల్ల కాలు మెలిపడింది ఈ గెంతులోనే. అందుకని దీని జోలికి పోకూడదనుకున్నాను. అదే అడిగింది. "దానికీ ఒకటి చెయ్యి అత్తా. చూద్దాం, ఈసారి ఎవరు పడతారో." స్పెల్లింగు తీసి చూస్తే మొదటి అయిదక్షరాలు ఇంగ్లీషు 'ఎంటర్'లోని అక్షరాలే, వరస మారిందంతే. మిగిలిన నాలుగూ 'చాట్', అంటే కబుర్లు. "తడబడుతూ లోపలికొచ్చి కబుర్లాడితే గెంతు" అని రాశాను. ఇందులో లోపలికి రావడమూ తడబడటమూ కబుర్లూ అన్నీ ఆ పిల్లవే అనిపించి, పంపే ముందు చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను.

'స్వాన్ లేక్', అదే చైకోవ్‌స్కీ సంగీతం కూర్చిన హంసల సరస్సు, నన్ను మూడు రాత్రులు కూర్చోబెట్టింది. క్యాలెండర్ కాగితాన్ని ఎనిమిది ముక్కలు కోసి, ముక్కకొక ఇంగ్లీషు అక్షరం రాసి, గచ్చు మీద పరిచాను. ఫ్యాను గాలికి ఒక ముక్క మంచం కిందకి పోయింది. మిగిలిన ఏడింటిని అటూ ఇటూ జరుపుతుంటే ఒక వరసలో 'సీ వాక్' అని చదువుకోగలిగాను. సముద్రపు నడక! నేను రోజూ సాయంత్రం చేసేదే. మంచం కిందకి వంగి చీపురుతో లాగితే వచ్చింది 'ఎన్'. గళ్ళ భాషలో 'ఎన్' అంటే ఉత్తరం. కాకినాడ నుంచి ఉత్తరంగా పోతే ఉప్పాడ బీచ్ రోడ్డు. ఆ రోడ్డుని సముద్రం ఏటా ఎలా కోసేస్తుందో మా వైపు వాళ్ళందరికీ తెలుసు. "ఉత్తరాన సముద్రపు నడక చెల్లాచెదురైతే చైకోవ్‌స్కీ బాలే (4, 4)." ఎనిమిది అక్షరాలూ సరిపోయాయి, ఒక్క ముక్క మిగల్లేదు. రాత్రి పదకొండున్నరకి నాకు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. పెదనాన్న ఉంటే నిద్రలేపేదాన్ని.

ఈ క్లూల పనిలో నాకు దొరికిన అసలు నిధి మాత్రం 'బయదేర్'. మారియస్ పెటిపా కూర్చిన బాలే. 1877 ఫిబ్రవరి 4న సెయింట్ పీటర్స్‌బర్గులో మొదటి ప్రదర్శన. సరిగ్గా నెలకి, మార్చి 4న, మాస్కోలో హంసల సరస్సు మొదటిసారి ఆడింది. బయదేర్ అంటే గుడిలో నాట్యం చేసే స్త్రీ. నికియా అనే నర్తకి సోలోర్ అనే యోధుణ్ణి ప్రేమిస్తుంది. రాజుగారు తన కూతుర్ని అతనికే ఇవ్వాలనుకుంటాడు. నిండు సభలో నాట్యం చేస్తున్న నికియాకి పూలబుట్ట ఇస్తారు. అందులోని పాము కరిచి చచ్చిపోతుంది. ఆ తర్వాత తెల్లబట్టలు కట్టుకున్న నీడలు ఒకరి వెనక ఒకరు ఏటవాలు దారిలో దిగుతూ ఒకే భంగిమ మళ్ళీ మళ్ళీ పడతారు. పిల్లకి ఆ దృశ్యం వీడియోలో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఆ రాజు ఎక్కడి రాజనుకున్నారు? గోల్కొండ రాజు.

ఈ సంగతి నాకు తెలిసిన రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు. స్పెల్లింగు విప్పాను. ముందు 'బే', అంటే అఖాతం, మా ఇంటి ముందున్నదే. తర్వాత 'ఎ డీర్', అంటే ఒక జింక. ఆ జింకలో చివరనున్న 'ఆర్' ఒక్క గెంతు వేసి, పక్కనున్న 'ఇ'ని దాటితే బయదేర్ తయారు. "అఖాతం పక్కన ఒక జింక గెంతితే గుళ్ళో నాట్యం చేసే పిల్ల (8)." నేను కట్టిన క్లూలన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే. జింక గెంతు అక్షరాల్లో కనబడుతుంది.

గోల్కొండకి ఇంకోటి కట్టాను. ఇంగ్లీషులో గోల్కొండ అంటే తరగని సంపద అనే అర్థం ఉంది, మన వజ్రాల పుణ్యం. స్పెల్లింగు చూడండి: 'గోల్డ్' కడుపులో 'కాన్', చివర ఒక 'ఎ'. బంగారం లోపల మోసం! బాలేలో రాజుగారి కోటలో జరిగేది కూడా అదే కదా.

"అత్తా, గోల్కొండ నిజంగా ఉందా?" అంది పిల్ల. ఇన్నాళ్ళూ అది కథలో ఊరనుకుందట.

"నీకు అయిదేళ్ళప్పుడు వెళ్ళాం తల్లీ. కింద దర్వాజా దగ్గర నువ్వు చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర నాన్నకి వినబడింది."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నికియా వాళ్ళ ఊళ్ళో చప్పట్లు కొట్టానా నేను?" అంది.

బయదేర్ అన్న మాటకి మూలం పోర్చుగీసు 'బైలదైరా', అంటే నాట్యకత్తె. బాలే అన్న మాట ఇటలీ నుంచి ఫ్రాన్సు మీదుగా వచ్చింది. రెండూ 'నాట్యం చేయడం' అనే ఒకే పాత లాటిన్ మాటకి పిల్లలు. పోర్చుగీసువాళ్ళు మన తీరాన గుడి ముందు చూసిన స్త్రీకీ, పారిస్ రంగస్థలానికీ అక్కడ చుట్టరికం కలిసింది. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి అసలైన దేవదాసీలే పారిస్ వెళ్ళి నాట్యం చేశారు. వారిలో అమని అనే నర్తకిని చూసి కవి తెయోఫిల్ గోతియే మైమరచి రాశాడు. మూడేళ్ళ తర్వాత 'జిజెల్' కథ రాసినవాళ్ళలో ఆయన ఒకడు. అమనికి కంచుబొమ్మ చేసిన శిల్పి జాన్ ఓగుస్త్ బార్. ఆ ఇంటిపేరు స్పెల్లింగు బి-ఎ-ఆర్-ఆర్-ఇ. పెదనాన్న లెక్కన అదీ బర్రే.

మూడో వారం నుంచి తెలుగు గడి మొదలుపెట్టాను. ఇక్కడ ఆట పూర్తిగా వేరు. ఇంగ్లీషు గడిలో ఒక అక్షరం పడుతుంది. మన గడిలో దీర్ఘం, ఒత్తు, సున్నా అన్నీ కలుపుకుని ఒక నిండు అక్షరం కూర్చుంటుంది. అందుకే ఇంగ్లీషులో లాగా ఏడెనిమిది అక్షరాల్ని కలగాపులగం చేస్తే మనకి పెద్దగా ఏమీ దక్కదు. మన బలం మాటని విరవడంలో, సంధిలో, ఒక మాటని ఇంకో మాటలా వినిపించడంలో ఉంది.

అన్నా పావ్లోవా పేరు దగ్గర నేను ఓడిపోయాను. చనిపోయే హంసగా లోకమంతా చూసిన ఆ రష్యా నర్తకి 1922లో మన దేశం వచ్చింది. మరుసటి ఏడు లండన్‌లో యువకుడు ఉదయ్‌శంకర్‌తో కలిసి రాధాకృష్ణుల నాట్యం చేసింది. మన నాట్యం వైపు చూడమని, తర్వాత భరతనాట్యంలో పేరుపొందిన రుక్మిణీదేవికి చెప్పిందీ ఆమే. ఆమె పేరు వినగానే నాకు తట్టింది పావు, లోవ! పావు అంటే నాలుగో వంతు. లోవ అంటే లోయ, తుని దగ్గర తలుపులమ్మ లోవ ఎరగని వాళ్ళు మా జిల్లాలో ఉండరు. 'పావు లోవ' అని చెవికి అచ్చం సరిపోతోంది. గళ్ళల్లో పెడితే 'పావులోవ'కి నాలుగు గళ్ళు కావాలి, 'పావ్లోవా'కి మూడే. 'వు' పొల్లైపోయి, 'ల' దాని కింద ఒత్తుగా అతుక్కుపోయింది. రెండు రోజులు తిప్పలు పడి వదిలేశాను. క్లూ అబద్ధం ఆడకూడదు కదా.

'బాలే' దగ్గర మా తమ్ముడితో పేచీ వచ్చింది.

"అక్కా, అది బ్యాలే. 'యా' ఒత్తుండాలి. కూచిపూడి బ్యాలే అని చిన్నప్పుడు కరపత్రాల మీద చూడలేదూ?" అన్నాడు.

వాడన్నదీ నిజమే. వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాల్ని మన ఊళ్ళల్లో అందరూ బ్యాలే అనే అనేవారు. కాకినాడ సూర్యకళామందిరంలో అలాంటిది వేస్తున్నారంటే అమ్మ మధ్యాహ్నమే వంట ముగించేసేది. నాకు బ్యాలే అంటే మొదట గుర్తొచ్చేది ఆ నాటకాల్లోని రుక్మిణి జడే. హంసలు తర్వాతే వచ్చాయి. అయితే పత్రికల్లో 'బాలే' అనీ రాస్తారు, 'బ్యాలే' అనీ రాస్తారు. రెండూ వాడుకలో ఉన్నప్పుడు ఏది కావాలో క్లూయే చెప్పాలి. నా తోక తెగిన క్లూ చెబుతోంది. "ఒప్పుకున్నావా?" అంటే, "నీతో ఎవడు వాదిస్తాడక్కా!" అన్నాడు.

ఆ పేచీ వల్లే అసలు సిసలు క్లూ దొరికింది. రాత్రి పేపర్లు దిద్దుతూ 'బాలే, బ్యాలే' అని పైకి అనుకుంటున్నాను. బాల, ఏ. సంధి చేస్తే బాలే. ఆ బాలే, ఇంకెవరూ కాదు. ఎర్ర పెన్ను కింద పెట్టేశాను.

అమ్మాయే! నృత్యం (2).

రెండు మాటలు. తోక తెగనక్కర్లేదు, తల తిరగనక్కర్లేదు. ఒక్క మాట ఎక్కువ లేదు. పిల్లకి ఇది అర్థం కావడానికి సంధి చెప్పాల్సొచ్చింది. రాముడు, ఏ, రాముడే. సీత, ఏ, సీతే. బాల, ఏ? "బాలే!" అని కేకేసింది. తర్వాత మెల్లగా, "అంటే నేనే కదా అత్తా," అంది.

ఆ తర్వాత అరమండి. మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చోవడం. చిన్నప్పుడు మూడేళ్ళు కూచిపూడి నేర్చుకున్న కాళ్ళు నావి, ఆ నొప్పి ఇంకా గుర్తుంది. బాలేలో దానికి దగ్గరగా ఉండేది సగం ప్లియే. అర అంటే సగం. మండి అంటే టోకు బజారు. "సగం బజారులో మోకాళ్ళు వంచి నిలబడు (4)." వాళ్ళమ్మ చదివి వినిపిస్తే, మంచం మీదే కూర్చుని, మంచి కాలు ఒక్కటే వంచి చూపించింది వీడియోలో.

డిసెంబరు ప్రదర్శనకి దాన్ని తీసుకెళ్ళొద్దని మా తమ్ముడు అన్నాడు. అదే వెళ్తానంది. మూడో వరసలో కూర్చుని, మంచు తునకలు రంగస్థలం మీదకి వచ్చినప్పుడు లెక్క పెట్టిందట. దాని స్థానంలో వేరే పిల్ల వచ్చింది. "బాగా చేసింది అత్తా," అంది. అంతే చెప్పింది. నేనూ అడగలేదు.

సంక్రాంతికి రెండు రోజుల ముందు అదే ఫోను చేసింది. మాకింకా తెల్లారలేదు.

"అత్తా, నేనొక క్లూ చేశాను. తెలుగులో. రాసుకో."

పెన్సిలు దొరక్క అగ్గిపెట్టె మీద గోరుతో గీయబోయాను. "చెప్పు తల్లీ, గుర్తుపెట్టుకుంటాను."

"అటు నుంచీ ఇటు నుంచీ ఒకటే. పాయింట్ షూస్ వేసుకుని మునివేళ్ళ మీద లేస్తే నేలకి తగలకూడదు. మూడు గళ్ళు."

అటు నుంచీ ఇటు నుంచీ ఒకటే. మూడు. పొయ్యి మీద పాలు పొంగేదాకా ఆలోచించాను. మ, డ, మ. ఎటు నుంచి చదివినా అదే.

"మడమ!"

"కరెక్ట్! అబద్ధం లేదు కదా?"

"లేదు. ఒక్క మాట ఎక్కువ లేదు. నీది ఎలా ఉందిప్పుడు?"

"నిన్న లేపాను అత్తా. పది అంకెలు లెక్కపెట్టేదాకా కింద పెట్టలేదు."